ట్రీట్‌మెంట్ అయిపోయాక పదేళ్ళ స్టడీలో చేరాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 43 ఏళ్ళు. బ్రెస్ట్ క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యి ఎనిమిది నెలలైంది, ఇప్పుడు రోజూ హార్మోన్ టాబ్లెట్ వేసుకుంటున్నా. మొన్న చెకప్‌కి వెళ్తే ఒకమ్మాయి వచ్చి, క్యాన్సర్ వచ్చినవాళ్ళు తర్వాత ఎలా ఉంటున్నారో పదేళ్ళ పాటు చూసే స్టడీ ఉంది, చేరతారా అని అడిగింది. కొత్త మందులేం ఇవ్వరట, ఆరు నెలలకోసారి ప్రశ్నలు, ఏడాదికోసారి కాస్త రక్తం. మా ఆయనేమో అయిపోయినదాన్ని తవ్వుకోవడం దేనికి, మన మీద ప్రయోగాలు దేనికి అంటున్నారు. నాది ఇంకో బాధ. అందరూ నీకు నయమైపోయింది, అదృష్టవంతురాలివి అంటుంటే ఆ ఫారంలో నీరసం, చెయ్యి బరువు, మతిమరుపు, రాత్రిళ్ళు భయం అని రాయాలంటే కాపాడినవాళ్ళ మీదే కంప్లైంట్ చేసినట్టు అనిపిస్తోంది. ఇంకో డౌట్, మా డాక్టర్ గారు ఆరు నెలలకోసారి ఒళ్ళంతా స్కాన్ తీయించట్లేదు, ఇది నిర్లక్ష్యమా? ఆ స్టడీలో చేరితే నాకేంటి లాభమో నిజం చెప్పండి.

జవాబు: నిజం చెప్పమన్నారు కాబట్టి చుట్టూ తిప్పకుండా చెప్పేస్తానమ్మా. చేరండి. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. కాకపోతే సంతకం పెట్టేముందు ఆ అమ్మాయిని ఒక్క మాట అడగండి, నేను రాసింది ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు అని. మీకేంటి లాభం అన్నదానికి సగం జవాబు తను చెప్పేదాంట్లోనే ఉంటుంది. ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

ముందు మీ ఆయన సంగతి చూద్దాం. ప్రయోగం అంటే ఆయన మనసులో ఉన్నది కొత్త మందు ఇచ్చి ఏమవుతుందో చూడటం, అది క్లినికల్ ట్రయల్, అందులో చాలాసార్లు ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో తేలుస్తారు, అది వేరే రకం. మిమ్మల్ని అడిగింది అది కాదు, మీ వైద్యంలో ఒక్క టాబ్లెట్ కూడా మారదు, మీ పాటికి మీరు బతుకుతుంటే వాళ్ళు మధ్యమధ్యలో అడిగి రాసుకుంటారు, అంతే. దానిక్కూడా పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, మీ సంతకం ఉండాలి, ఎప్పుడు మానేయాలనిపిస్తే అప్పుడు మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మానేశారని మీ వైద్యంలో తేడా చూపించకూడదు. ఇవన్నీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితంలోనే చదివించండి, నా మాట మీద నమ్మక్కర్లేదు.

ఇక అయిపోయినదాన్ని తవ్వుకోవడం అన్న మాట. అయిపోలేదు కదండీ, రోజూ టాబ్లెట్ వేసుకుంటున్నారు, చెయ్యి బరువుగా ఉంది, రాత్రి నిద్ర పట్టట్లేదు, మరి అయిపోయింది ఎక్కడ? అలా అని మీ ఆయన చెడ్డవాడని కాదు, ఆయనకి అయిపోవాలని ఉంది, అంతే. డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. 1985లో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అని అమెరికాలో ఒక డాక్టర్, తనకే క్యాన్సర్ వచ్చి బయటపడ్డాక, ఒక పెద్ద మెడికల్ జర్నల్‌లో రాశాడు, నయమైంది నయం కాలేదు అని రెండు డబ్బాలు చేసి మనుషుల్ని అందులో వేయడం సరికాదని. ట్రీట్‌మెంట్ నడిచే కాలం ఒకటి, అది అయ్యాక మళ్ళీ వస్తుందేమో అని భయపడుతూ ఒళ్ళు కూడదీసుకునే కాలం ఒకటి, ఆ తర్వాత కుదురుకున్న కాలం ఒకటి, ఒక్కోదాంట్లో మనిషికి కావాల్సింది వేరు అన్నాడు. మీరిప్పుడు ఆ మధ్య కాలంలో ఉన్నారు. అప్పట్లో ఆ మధ్య కాలం గురించి పెద్దగా లెక్కలు లేవు, అమెరికాలో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దీనికోసం విడిగా ఒక ఆఫీసు పెట్టిందే 1996లో. అంతవరకూ పరిశోధన అంటే గడ్డ తగ్గిందా లేదా, మనిషి ఎన్నాళ్ళు బతికాడు, ఎక్కువగా ఈ రెండే.

ఈ రకం స్టడీ ఎందుకు పనికొస్తుందో గట్టిగా చూపించింది పిల్లలు. చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళని, 1970 నుంచి 1986 మధ్య జబ్బు బయటపడి కనీసం ఐదేళ్ళు బతికినవాళ్ళని వేల మందిని పోగుచేసి 1994లో అమెరికా, కెనడాల్లో ఒక పెద్ద స్టడీ మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. అందులో పని చాలావరకు ఏంటనుకున్నారు, మిమ్మల్ని నింపమన్నలాంటి ఫారాలే. 2006లో ఆ లెక్కలు బయటికొస్తే అందరూ ఉలిక్కిపడ్డారు, జబ్బు బయటపడిన 30 ఏళ్ళకి దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఏదో ఒక దీర్ఘకాల సమస్య ఉంది, 40 శాతం పైన మందికి అది తీవ్రమైనదే. ఆంత్రాసైక్లిన్ అనే రకం కీమో ఎక్కువ డోసులో పడినవాళ్ళకి గుండె బలహీనపడుతోంది, ఛాతీ మీద రేడియేషన్ పడిన ఆడపిల్లలకి చిన్న వయసులోనే బ్రెస్ట్ క్యాన్సర్ వస్తోంది. ట్రీట్‌మెంట్ ఇచ్చిన రోజున వీటిలో చాలావరకు ఏ డాక్టర్‌కీ కనపడే అవకాశం లేదు, ఎందుకంటే కనపడటానికి ఏళ్ళు పట్టింది, కొన్నిటికైతే ఇరవై ముప్ఫై ఏళ్ళు. 2006 దాకా ఆగలేదు లెండి, ఒక్కో ఇబ్బందీ బయటపడుతున్నకొద్దీ ముందునుంచే డోసులు తగ్గించారు, రేడియేషన్ పడే మేర తగ్గించారు, పాతవాళ్ళకి గుండెకి ఎకో పరీక్షలు పెట్టారు, ఛాతీకి రేడియేషన్ పడిన అమ్మాయిలకి 25 ఏళ్ళ వయసు నుంచో రేడియేషన్ అయిన 8 ఏళ్ళ నుంచో, ఏది ఆలస్యమైతే అప్పట్నుంచి, ఏటా రొమ్ము పరీక్షలు మొదలుపెట్టమన్నారు. 2016లో అదే స్టడీ వాళ్ళు లెక్క చూస్తే 1970ల్లో జబ్బు వచ్చిన పిల్లలకంటే 1990ల్లో వచ్చిన పిల్లల్లో ఆ తర్వాతి పదిహేనేళ్ళలో చావులు దాదాపు సగానికి తగ్గాయి, ట్రీట్‌మెంట్ వల్ల వచ్చే సమస్యలతో పోవడం కూడా తగ్గింది. ముందు పిల్లల గుండె సంగతి తెలిశాకే వెనక పిల్లలకి డోసు తగ్గింది, ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

మీ ఆయన ఇక్కడ అనొచ్చు, అది ఎవరికో లాభం, నీకేంటి అని. న్యాయమైన మాటే. కానీ మీరు ఇప్పటికే తీసుకున్న వైద్యంలో అలా ముందువాళ్ళు ఇచ్చింది ఎంత ఉందో చూడండి. మీకు రొమ్ము మొత్తం తీశారో గడ్డ వరకే తీశారో మీరు రాయలేదు. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే చాలు, ప్రాణానికి తేడా రాదు అని గట్టిగా తేలింది 2002లో, 1,851 మంది ఆడవాళ్ళని ఇరవై ఏళ్ళ పాటు ఫాలో అయ్యాక. వాళ్ళు ఇరవై ఏళ్ళు చెకప్‌లకి వచ్చి ఎలా ఉన్నామో చెప్పకపోతే ఈరోజుకీ ప్రతి ఒక్కళ్ళకీ మొత్తం తీసేస్తూ ఉండేవాళ్ళేమో.

మీ చెయ్యి బరువు సంగతి కూడా అంతే, ఇది కాస్త వివరంగా చెప్తా ఎందుకంటే మీకు ఈరోజే పనికొచ్చేది. చంకలో లింఫ్ గ్రంథులు తీసినా, అక్కడ రేడియేషన్ పడినా కొంతమందికి చేతిలో నీరు చేరి వాస్తుంది, లింఫెడీమా అంటారు. ఒకప్పుడు అందరికీ చంకలో గ్రంథులు చాలావరకు తీసేసేవాళ్ళు. 2011లో 891 మంది మీద చేసిన ట్రయల్ ఒకటి వచ్చింది, క్యాన్సర్ ముందుగా చేరే గ్రంథుల్లో ఒకటి రెండిట్లోనే అది ఉండి, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తున్నవాళ్ళకి మిగతావన్నీ తీయకపోయినా ప్రాణానికి తేడా లేదని చూపించింది, పదేళ్ళ తర్వాత చూసినా అదే. అప్పట్నుంచి చాలామందికి చెయ్యి వాపు తప్పింది. ఇక వాచినవాళ్ళకి, వాస్తుందేమో అనుకునేవాళ్ళకి ఏళ్ళ తరబడి చెప్పిన సలహా ఏంటంటే ఆ చేత్తో బరువులు ఎత్తొద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు, సంచి మోయొద్దు. జాగ్రత్త కొద్దీ చెప్పారు గానీ పరీక్షించి చెప్పింది కాదు. 2009లో క్యాథరిన్ ష్మిట్జ్ అనే పరిశోధకురాలి బృందం చెయ్యి వాచిన 141 మందిని తీసుకుని, సగం మందికి ట్రైనర్ దగ్గర, చేతికి ప్రెషర్ స్లీవ్ అనే బిగుతు తొడుగు వేసి, చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతూ బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు. పైగా బరువులు ఎత్తినవాళ్ళకే వాపు ముదరడం తగ్గింది, చేతికి బలం వచ్చింది. అంటే చెయ్యిని కాపాడుకుందామని పక్కన పెట్టినవాళ్ళకంటే పద్ధతిగా వాడినవాళ్ళే బాగున్నారు! కాబట్టి మీరు చెయ్యాల్సింది, ఈసారి వెళ్ళినప్పుడు చెయ్యి బరువుగా ఉంది, కొలవండి అని అడగడం, లింఫెడీమా తెలిసిన ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపమనడం. మీ అంతట మీరు ఇంట్లో బరువులు మొదలుపెట్టకండి, స్లీవ్ కొలత, బరువు పెంచే వేగం తెలిసినవాళ్ళు చూడాలి.

ఇప్పుడు కాపాడినవాళ్ళ మీదే కంప్లైంట్ అన్నారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకున్న మాట అది. నేను కొన్నేళ్ళు ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో పేషెంట్లకి ఫోన్లు చేసి ఈ ప్రశ్నలే అడిగి రాసుకునే పని చేశా. ఎలా ఉన్నారండీ అంటే వచ్చే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే, బాగానే ఉన్నానండీ, మీ దయ. నా దయ ఏంటో! తర్వాత ఒక్కోటీ అడుగుతుంటే, మెట్లు ఎక్కగలుగుతున్నారా, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా అంటే అప్పుడు బయటికొచ్చేది, గుండీలు మా ఆవిడ పెడుతుందండీ, వేళ్ళకి తెలియట్లేదు అని. డాక్టర్ ముందు కూర్చుంటే ఆ మాట కూడా రాదు, మూడు గంటలు వెయిట్ చేసి ఐదు నిమిషాలు దొరికితే రిపోర్ట్ ఎలా ఉందని అడుగుతాం గానీ గుండీల గురించి ఎవరు మాట్లాడతారు. డాక్టర్లు రాసుకున్నదీ పేషెంట్లు రాసిందీ పక్కపక్కన పెట్టి పోల్చిన స్టడీలు చాలా ఉన్నాయి, పేషెంట్లు తమకుందని రాసిన ఇబ్బందుల్లో సగం దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువే, డాక్టర్ రికార్డులోకి ఎక్కట్లేదు.

ఆ గుండీలు పెట్టుకోలేని మనిషి లాంటివాళ్ళ ఇబ్బందులే పెద్ద పేగు క్యాన్సర్ వైద్యాన్ని మార్చాయి. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలల కీమో ఇచ్చేవాళ్ళు, అందులో ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరాల్ని దెబ్బతీసి వేళ్ళూ పాదాలూ మొద్దుబారుస్తుంది, కొంతమందికి ఏళ్ళ తరబడి పోదు. మూడు నెలలు ఇస్తే సరిపోదా అని ఆరు ట్రయల్స్ కలిపి 12,834 మందిని చూసి 2018లో చెప్పారు, ఆరు నెలలు తీసుకున్నవాళ్ళలో సగానికి దగ్గరగా ఇబ్బందిపడే స్థాయి మొద్దుబారడం ఉంటే మూడు నెలల వాళ్ళలో ఆరుగురిలో ఒకరికే. రిస్క్ తక్కువున్న గుంపులో, ముఖ్యంగా ఒక రకం మందుల కాంబినేషన్‌తో, మూడు నెలలు చాలన్నారు. రిస్క్ ఎక్కువున్నవాళ్ళకి మాత్రం అలా తేల్చలేదు, డాక్టర్ చూసి చెప్పాల్సిందే. మొద్దుబారడం గురించి ఎవరూ చెప్పకపోయి ఉంటే తగ్గించాలన్న ఆలోచనే ఎవరికి వస్తుంది? వాళ్ళు చెప్పినదాన్ని ఎవరూ కృతఘ్నత అనుకోలేదు, మీది కూడా ఎవరూ అనుకోరు.

మొదట్లో ఎవరు చదువుతారో అడగమన్నా కదా, ఆ సంగతికి వస్తా. న్యూయార్క్‌లో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో ఈథన్ బాష్ అనే డాక్టర్ బృందం 766 మందితో ఒక ట్రయల్ చేసింది, ముదిరిన క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్నవాళ్ళు వీళ్ళంతా. కొంతమందికి మామూలు వైద్యం. మిగతావాళ్ళు వాంతులు, నొప్పి, ఆయాసం, నీరసం లాంటి 12 లక్షణాలు ఎలా ఉన్నాయో కంప్యూటర్‌లో నింపాలి, ఏదైనా బాగా ఎక్కువైతే వెంటనే నర్సుకి మెసేజ్ వెళ్తుంది, నర్సు ఫోన్ చేసి మందు మారుస్తుంది, డోసు సర్దుతుంది, రమ్మంటుంది. 2017లో ఫలితం చెప్పారు, ఇలా నింపినవాళ్ళు సగటున 31 నెలలు బతికితే మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళు 26 నెలలు. ఎమర్జెన్సీకి పరిగెత్తడమూ తగ్గింది. ఐదు నెలలు అంటే కొన్ని ఖరీదైన మందులకి కూడా రాని తేడా, వచ్చింది దేంతో అంటే అడగడం, విన్న మనిషి వెంటనే ఏదో ఒకటి చేయడం.

దీనికి ఎదురుగా ఇంకోటి చెప్తా, పరిశోధన అంటే అన్నీ గెలుపులే అనుకోకూడదు కదా. 2005లో అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక రిపోర్ట్ ఇచ్చింది, ట్రీట్‌మెంట్ అయ్యాక మనుషులు దారీతెన్నూ లేకుండా పోతున్నారు, కాబట్టి అయిపోయిన రోజున ప్రతి ఒక్కళ్ళకీ ఏం ట్రీట్‌మెంట్ ఇచ్చాం, ముందు ముందు ఏం చూసుకోవాలి అని రాసిన ప్లాన్ చేతికివ్వమని. వింటుంటే ఎంత బాగుందో కదా. తీరా కెనడాలో 408 మందితో పరీక్షించి 2011లో చెప్తే, ప్లాన్ ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ మనసులో బెంగ విషయంలో తేడా లేదు. ఆ కాగితం పనికిరాదని నేను అనను, మీ ట్రీట్‌మెంట్ సమ్మరీ అడిగి తీసుకుని దాచుకోండి, ఇరవై ఏళ్ళ తర్వాత వేరే డాక్టర్ దగ్గర కావాల్సి వస్తుంది, కానీ కాగితం ఫోన్ చేయదు, మందు మార్చదు. అందుకే ఎవరు చదువుతారు అని అడగమన్నది. కొన్ని స్టడీల్లో మీ జవాబులు నేరుగా కంప్యూటర్‌లోకి పోయి రెండేళ్ళ తర్వాత అందరివీ కలిపి చూస్తారు, మీ ఒక్కరి బాధ అప్పటికప్పుడు ఎవరికీ తెలీదు. కొన్నిట్లో ఫలానా మార్కు దాటితే మీ డాక్టర్‌కి చెప్తారు. మీది రెండో రకం అయితే మీకు సొంతంగా కూడా లాభం. మొదటి రకం అయితే ఒక పని చేయండి, ఫారం నింపాక ఇచ్చేముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, చెకప్ రోజు అదే డాక్టర్‌కి చూపించండి. మాటల్లో రానిది కాగితం మీద గబగబా చెప్పేయొచ్చు.

ఆ ప్రశ్నలు కూడా ఎవరో ఊరికే రాసినవి కావు. ఎక్కువగా వాడే ఫారంలో 30 ప్రశ్నలుంటాయి, యూరప్ వాళ్ళు 1993లో బయటికి తెచ్చింది, చాలా భాషల్లోకి వెళ్ళింది. మీకు అదే ఇచ్చి ఉంటే అందులో రెస్ట్ తీసుకోవాల్సి వచ్చిందా, బలహీనంగా అనిపించిందా, అలసిపోయారా అని నీరసం గురించే మూడు ప్రశ్నలు కనిపిస్తాయి, గుర్తుపెట్టుకోవడం కష్టమైందా అని ఇంకోటి, 28వది డబ్బు ఇబ్బంది గురించి. అంటే మీరు సిగ్గుపడుతున్నవన్నీ ముందే ఊహించి అచ్చేసి పెట్టారు, మీకంటే ముందు అంతమంది చెప్పారన్నమాట.

మీ మిగతా ఇబ్బందులకి వస్తే, నీరసం అన్నిటికంటే మామూలుది, కానీ మామూలే కదా అని వదిలేయకండి, ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి, నిద్ర, దిగులు, వేసుకునే మందులు ఇవన్నీ డాక్టర్‌తో మాట్లాడండి. అవన్నీ సరిగ్గా ఉండి కూడా నీరసం ఉంటే దానికి బాగా పనిచేసేది ఏంటో 2017లో 113 స్టడీలు, 11,500 మంది పైన లెక్కలు కలిపి చూశారు, మందులకంటే వ్యాయామం, కౌన్సెలింగ్ ఎక్కువ పనిచేశాయి. నీరసంగా ఉంటే నడవమంటారేంటి అని కోపం రావచ్చు, నాకూ వినగానే అలాగే అనిపించింది, కానీ లెక్క అలాగే ఉంది, పది నిమిషాలతో మొదలుపెట్టినా సరే. నడక సంగతి వచ్చింది కాబట్టి 2025లో వచ్చినదొకటి చెప్పకుండా ఉండలేను, పెద్ద పేగు క్యాన్సర్‌కి కీమో అయినవాళ్ళు 889 మందిలో సగం మందికి మూడేళ్ళ పాటు పక్కన ఒక మనిషిని పెట్టి వ్యాయామం చేయించారు, మిగతావాళ్ళకి పుస్తకం ఇచ్చారు. ఐదేళ్ళకి జబ్బు తిరిగి రాకుండా ఉన్నవాళ్ళు వ్యాయామం గుంపులో 80 శాతం, పుస్తకం గుంపులో 74 శాతం. ఇది బ్రెస్ట్ క్యాన్సర్ మీద చేసింది కాదు, కాబట్టి మీకూ అంతే అని నేను చెప్పకూడదు, కానీ ఇక్కడ కూడా చూడండి, పుస్తకం ఒక్కటే ఇస్తే రాని తేడా మనిషి వెంట ఉంటే వచ్చింది.

మతిమరుపు మీ భ్రమ కాదు. కీమో, హార్మోన్ టాబ్లెట్ కలిపి తీసుకున్నవాళ్ళనీ ఉత్త హార్మోన్ టాబ్లెట్ తీసుకున్నవాళ్ళనీ పోల్చి చూస్తే మొదటి ఆరు నెలల్లో కీమో వాళ్ళకి మతిమరుపు ఎక్కువ, ఏడాది గడిచేసరికి రెండు గుంపులకీ తేడా పోయింది. టాబ్లెట్ వల్ల, నెలసరి ఆగడం వల్ల, నిద్రలేమి వల్ల కూడా వస్తుంది కాబట్టి ఇంకా ఉంటే చెప్పండి, మీ అంతట మీరు టాబ్లెట్ మాత్రం ఆపకండి. రాత్రిళ్ళు భయం గురించి కూడా జనం అనుకునేదానికంటే ఎక్కువ పనే జరిగింది. ఆస్ట్రేలియాలో 222 మందికి ఈ భయం కోసమే తయారుచేసిన ఐదు సెషన్ల కౌన్సెలింగ్ ఒకవైపు, రిలాక్సేషన్ నేర్పడం ఒకవైపు పెట్టి చూస్తే ఆ ప్రత్యేకమైన కౌన్సెలింగ్‌తోనే భయం ఎక్కువ తగ్గింది. ధైర్యంగా ఉండు అనేవాళ్ళు చుట్టూ వంద మంది ఉన్నా దానివల్ల కాదు, ఆ ఆలోచన వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పేవాళ్ళ వల్ల అవుతుంది, క్యాన్సర్ వచ్చినవాళ్ళ మనసు సంగతి చూసే సైకో ఆంకాలజిస్ట్ ఎవరైనా ఉన్నారా అని అడగండి.

స్కాన్‌ల విషయంలో మీ డాక్టర్‌ని అనుమానించకండి. 1994లో ఇటలీ నుంచి రెండు ట్రయల్స్ వచ్చాయి, ఒకదాంట్లో 1,320 మంది, ఇంకోదాంట్లో 1,243 మంది. లక్షణాలేం లేకపోయినా సరే ఎముకల స్కాన్, ఛాతీ ఎక్స్‌రే లాంటివి తరచుగా తీయించినవాళ్ళకీ, మామూలు చెకప్, మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రేతో సరిపెట్టినవాళ్ళకీ బతకడంలో తేడా రాలేదు. తరచూ స్కాన్ అంటే తరచూ భయం, ఏదో చిన్న మచ్చ కనపడి దానికి ఇంకో పరీక్ష. అందుకే లక్షణాలు లేనివాళ్ళకి తీయించరు. ఏడాదికోసారి మామోగ్రామ్ మాత్రం తప్పించకండి. తిండి గురించి మీరు అడగలేదు గానీ చుట్టాలు ఎలాగూ చెప్తూనే ఉంటారు కాబట్టి ఒక్క ముక్క, 3,088 మంది బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళలో కొందరికి మామూలుకంటే చాలా ఎక్కువ కూరగాయలు, పళ్ళు, పీచు తినిపించి ఏడేళ్ళు చూస్తే జబ్బు తిరిగి రావడంలో తేడా ఏమీ లేదని 2007లో తేలింది. మంచి తిండి మంచిదే, కానీ ఏదో తినలేదని మీ మీద మీరు నేరం మోపుకోకండి.

మళ్ళీ స్టడీ దగ్గరికొస్తే, నాకు ఈ పనిలో ఎప్పుడూ గుచ్చుకున్న విషయం ఒకటుంది. మధ్యలో మానేసేది ఎవరంటే ఎక్కువగా నలిగిపోయి ఉన్నవాళ్ళే, ఓపిక లేక, దిగులుతో, డబ్బుల్లేక. బాగున్నవాళ్ళు చక్కగా వచ్చి నింపుతారు. చివరికి లెక్క తీస్తే అందరూ బాగున్నట్టే కనిపిస్తుంది, దాన్ని చూసి ఈ ట్రీట్‌మెంట్‌కి పెద్ద ఇబ్బందులేం లేవు అని రాసేస్తారు, తర్వాత వచ్చే మనిషికి అదే చెప్తారు. అలాగే ఈ పెద్ద స్టడీలు ఎక్కువగా కొన్ని దేశాల్లో, అందులోనూ చదువుకుని కాస్త వెసులుబాటు ఉన్నవాళ్ళ మీద జరిగాయి, మిగతావాళ్ళకి అదే వర్తిస్తుందని అనుకుని నడిపిస్తున్నారు. కాబట్టి నీరసంగా ఉంది నేనేం రాస్తాను అనుకుంటే, సరిగ్గా అప్పుడే మీ జవాబు కావాలి. ఓపిక లేని రోజు ఫోన్‌లో అడిగి రాసుకోమనండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

సంతకానికి ముందు ఇంకొన్ని అడగండి. రక్తం ఎందుకు, ఎన్నాళ్ళు దాస్తారు, జన్యు పరీక్షలు చేస్తారా, చేస్తే నాకూ మా పిల్లలకీ ముఖ్యమైనది ఏదైనా తేలితే చెప్తారా, చెప్పొద్దు అనుకుంటే ఆ ఛాయిస్ ఉందా. నా పేరు జవాబులతో పాటు ఉంటుందా, కోడ్ నంబర్ మాత్రమేనా, వేరే వాళ్ళకి ఇస్తారా. మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చింది ఏం చేస్తారు. పరీక్షలకి, రానుపోను ఖర్చులకి డబ్బు నా మీద పడుతుందా. ఇవన్నీ అడగడం గొడవ పెట్టుకోవడం కాదు, చెప్పడం వాళ్ళ డ్యూటీ. విసుక్కుంటే, లేదా సంతకం పెట్టండి తర్వాత చెప్తాం అంటే, చేరొద్దు, మొహమాటపడకండి. కాగితం ఇంటికి తెచ్చుకుని మీ ఆయనతో కలిసి చదివి వారం తర్వాత చెప్పినా ఏం పోదు. అన్నట్టు ఇంట్లోవాళ్ళ మీద పడే భారం గురించి కూడా ఇప్పుడు చాలా స్టడీల్లో విడిగా అడుగుతున్నారు, మీ దాంట్లో అలాంటి ఫారం ఉందేమో కనుక్కోండి, ఉంటే ఆయన చేతికివ్వండి. నన్నెవరూ అడగలేదే అన్న బాధ ఆయనకీ ఉండొచ్చు, తవ్వొద్దు అన్నది అందుకేనేమో.

చివరిగా ఒక జాగ్రత్త. ఆరు నెలల ఫారం కోసం ఆగకూడనివి కొన్ని ఉంటాయి. కొత్తగా గడ్డ తగలడం, రొమ్ము మీదో ఆపరేషన్ మచ్చ దగ్గరో చర్మం మారడం, వారాలు గడిచినా తగ్గని ఎముక నొప్పి, ఆయాసం, తగ్గని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా మొదలైన తలనొప్పి, చెయ్యి ఉన్నట్టుండి ఎర్రబడి వేడెక్కి జ్వరం రావడం, ఒక కాలే వాచి నొప్పి రావడం, మీరు వేసుకునేది టామాక్సిఫెన్ అయితే మామూలుకి భిన్నంగా రక్తస్రావం కావడం కూడా. వీటిలో ఏది కనిపించినా స్టడీ అమ్మాయికి కాదు, మీ డాక్టర్‌కే ఫోన్ చేయండి, చెయ్యి ఎర్రబడి జ్వరం వచ్చినా, కాలు వాచినా, ఆయాసం ఉన్నట్టుండి వచ్చినా అదే రోజు వెళ్ళిపోండి.